ఎడమ పక్క బరువు

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఎత్తు గురించి. బండిని ఎంత లేపొచ్చు, ఏ కట్ట వేస్తే ఎంత లేస్తుంది అని. ఇప్పుడు పికప్పులు లేపించుకోవడం సరదా అయింది. బెంగళూరు నుంచి అట్టపెట్టెల్లో కట్టలు వస్తున్నాయి. పెట్టె మీద ఎత్తూ, మోయగల బరువూ అచ్చువేసి ఉంటాయి. అది చూసి బిగించేస్తే పని అయిపోయిందనుకుంటారు.

నేను అనంతపురంలో చాలా ఏళ్లు కమాన్ పని చేసి ఈ మధ్యే మానేశాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. తెలియనివాళ్ల కోసం ఒక మాట: కమాన్ కట్ట అంటే బండి వెనక ఇరుసు మీద ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. కొంచెం వంపు తిరిగి ఉంటాయి. బరువు పడితే చదునవుతాయి, బరువు తీస్తే మళ్లీ వంగుతాయి. పికప్పులకు ముందు పక్క కట్టలకు బదులు చుట్టు స్ప్రింగులు ఉంటాయి. పని మాత్రం అదే.

ఎవరు ఎప్పుడు మేస్త్రీ అయ్యారు, షాపు ఎవరి పేరు మీదికి మారింది లాంటివి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ పని రాదు. ఒక బండి గురించి రాస్తాను. దాన్ని నడిపిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఎత్తు వేరు, బలం వేరు

నాకు పని నేర్పింది మస్తాన్ సాబ్. ఊళ్లో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. మాట తక్కువ, కోపం ఎక్కువ. కొలత టేపు జేబులో ఉన్నా ముందు జానతో కొలిచేవాడు. బండి వస్తే దాని దగ్గరికి వెళ్లేవాడు కాదు. రోడ్డు అవతల నిలబడి, బీడీ అయిపోయేదాకా దాన్నే చూసేవాడు. ఎటు ఒరిగింది, ఎంత కుంగింది అన్నది దగ్గరికి వెళితే కనపడదని ఆయన లెక్క. అది నిజం. ఈ పనిలో నాకు తెలిసిన మంచి అలవాటు అదొక్కటే.

నేను పనిలో కుదురుకుంటున్న రోజుల్లో ఒకాయన జీపు తెచ్చి ఎత్తు లేపమన్నాడు. కట్టకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టి లేపి పంపాను. చూడ్డానికి బాగుంది. శనక్కాయ మూటలు వేసుకుని వెళ్లేసరికి కట్టలు మునుపటిలాగే చదునైపోయాయి. పైగా ఎత్తు పెరిగింది కాబట్టి మలుపుల్లో ఊగడం మొదలుపెట్టింది. ఉస్తాద్ దిమ్మెలు తీయించి నా కాళ్ల దగ్గర పడేశాడు. దిమ్మె ఎత్తు ఇస్తుంది, బలం ఇవ్వదు. బండి కుంగిందంటే దానికి కావలసింది ఎత్తు కాదు, పెరిగిన బరువును మోసే పట్టీ. కాబట్టి ముందు తెలుసుకోవలసింది బరువు. ఎంత పెరిగింది అన్నది సగమే. ఎక్కడ పెరిగింది అన్నది మిగతా సగం.

ఈ రెండో సగం నాకు బాగా వచ్చు అనుకునేవాణ్ని. నిజంగానే వచ్చు.

కాటాకు పోకూడదు

పెద్దాయన అని నేను రాసేది కంబదూరు పక్క ఒక ఊరి నాయకుణ్ని. పొలాలున్నాయి, కాంట్రాక్టులున్నాయి. అప్పట్లో ఆయనకూ పక్క ఊరి మరొకాయనకూ మధ్య పగ నడుస్తోంది. అది ఎందుకు మొదలైందో ఇక్కడ అనవసరం. చివరికి వచ్చేసరికి వాళ్లకే సరిగా గుర్తున్నట్టు లేదు.

పెద్దాయన తిరిగేది కారులో కాదు, పికప్పులో. పొలాల దారుల్లో అదే పోతుంది, పైగా అలాంటి బండిని ఎవరూ తలతిప్పి చూడరు. ముందు రెండే సీట్లు. కుడి పక్క డ్రైవరు, ఎడమ పక్క ఆయన. వెనక తొట్టిలో మనుషులు. ఒక వేసవిలో ఆ బండిని వేరే ఊళ్లోని షెడ్డుకు పంపి, గుండు దిగకుండా లోపల ఉక్కు ప్లేట్లు వేయించారు. తిరిగొచ్చేసరికి బండి కుంగి, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. మా దగ్గరికి పంపారు.

తెచ్చినవాడు డ్రైవరు ఓబులేసు. అంతకు ముందు నుంచే నాకు స్నేహితుడు. పెద్దాయన ట్రాక్టర్లు, జీపులు అన్నీ మా షాపుకే తెచ్చేవాడు. వస్తే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం తెచ్చేవాడు. మధ్యాహ్నం పని లేనప్పుడు నేను పుస్తకం చదువుకుంటుంటే, పుస్తకం మూసి స్పానరు పట్టన్నా, కమాన్లు చదివితే వంగవు, అని ఎగతాళి చేసేవాడు. అతను నవ్వించని రోజు నాకు గుర్తు లేదు.

ఆ రోజు బరువెంత పెరిగిందని అడిగాను. తెలీదన్నాడు. కాటాకు తీసుకుపోయి తూకం వేయించుకుని రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"కాటాకు పోగూడదంటన్నా. ఆ చీటీ ఎవుని చేతిలో పడినా, ఇనుము ఎంత మందముందో లెక్కేసుకుంటారంట. పెద్దాయన గట్టిగా చెప్పినాడు."

కట్టలు వేయవలసిన వాడికే బరువు చెప్పకుండా దాచడం మా పక్కే జరుగుతుందనుకుంటాను. ఆ భయం అబద్ధం కూడా కాదు. కాటా దగ్గర కూర్చునే మనిషి ఎవరి పక్కో ఎవరికి తెలుసు?

సిమెంటు మూటలు

తూకం లేనప్పుడు ఉస్తాద్ చేసే పద్ధతి ఒకటి ఉంది. అలాంటిదే ఇంకో మామూలు బండిని తెచ్చి పక్కన నిలబెట్టాలి. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా రెండింటినీ కొలవాలి. తర్వాత మామూలు బండిలో బరువు తెలిసిన మూటలు పేర్చుకుంటూ పోవాలి. అది ఇదిలా కుంగినప్పుడు, ఆ మూటల బరువే ఇందులో దాగిన బరువు. మూటలు ఏ మూలన పడ్డాయో చూస్తే బరువు ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది.

పక్కవీధి సిమెంటు కొట్టువాడి పికప్పు అడిగి తెచ్చాను. మూటలూ అక్కడివే. ముందు రెండు సీట్లలోనూ సమంగా పెట్టించాను. పెట్టగానే కుడి పక్క ఉండవలసినదానికంటే కిందికి దిగింది. కుడి సీటు మీద మూటలు తగ్గించాను. ఇంకా ఎక్కువే. చివరికి ఆ సీటు ఖాళీ చేసి, మూటలన్నీ ఎడమ సీటులో, దాని కాళ్ల దగ్గర, దాని వీపు వెనక పేర్చితే రెండు బండ్లూ ఒకేలా నిలబడ్డాయి.

నేను రోడ్డు అవతలికి వెళ్లి చూశాను. ఓబులేసు ఉగ్గాని పొట్లం చేతిలో పట్టుకుని సిమెంటు బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఎడమ పక్క మూటలు కిటికీ దాకా ఉన్నాయి. స్టీరింగు వెనక సీటు ఖాళీగా ఉంది.

నేను తిరిగొచ్చేదాకా ఆగి, "నా సీట్లో ఒగ మూట గూడా పెట్టలేదే అంజన్నా" అన్నాడు.

పెడితే ఎక్కువైపోతోందని చెప్పాను. అతను నవ్వాడు.

"రోజూ తలుపు ఏసేవాణ్ని, నాకు తెల్దా? ఆయప్ప తలుపు గోదాము తలుపు మాదిరి పడతాది. నాది అగ్గిపెట్టె మూసినట్ల టప్పుమంటాది."

పని మానెయ్యరాదా అన్నాను. మానేస్తే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు, వాడికి నా పిల్లలకంటే చిన్నవాళ్లు ఉంటే ఏం చేయాలి అన్నాడు. అది సమాధానం కాదని అతనికీ తెలుసు. ఆ ఊళ్లో పెద్దాయన పని వదిలినవాడు ఇంకో పక్క పనికి పోలేడు. ఏ పక్కా లేకుండా ఉండడం అక్కడ కుదరదు.

తర్వాత నవ్వు ఆపి, తను వచ్చిన అసలు పని చెప్పాడు.

"కట్టలు మంచివి చూసి ఎయ్యన్నా. బండి ఎడమకు ఒరిగిందంటే యా పక్క ఇనుముందో, యా పక్క లేదో దావన పొయ్యేటోనికి గూడా తెలిసిపోతాది. సమంగా నిలబెడితే రెండు పక్కలా ఉండాదనుకుంటారు. మారెక్కకు నేను అట్లనే చెప్పినా. నీకు యాడన్నా కనపడితే నోరు జారొద్దు."

మారెక్క అతని భార్య.

ఉస్తాద్ చెప్పిన దారి

ఉస్తాద్ అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఓబులేసు టీ తాగడానికి వెళ్లాక నన్ను పిలిచి, ఆ బండిని ఒరిగింది ఒరిగినట్టే పంపెయ్ అన్నాడు. బలం పెంచు, రెండు పక్కలా ఒకే రకం కట్టలు వెయ్యి, ఎడమకు ఒరిగితే ఒరగనీ. పెద్దాయన దాన్ని చూస్తాడు. ఒరిగిన బండిలో తిరగడానికి భయమేసి రెండో తలుపుకూ ప్లేటు వేయిస్తాడు. అదీ ఆయన లెక్క.

నేను ఒప్పుకోలేదు. వేయించేదాకా ఓబులేసు ఒరిగిన బండిలోనే తిరగాలి కదా అన్నాను. ఒకవేళ వేయించకపోతే?

"నువ్వు సరి చేస్తే వాళ్లు సరి చెయ్యరు అంజీ" అన్నాడు ఉస్తాద్. అంతే అన్నాడు.

నేను సరి చేశాను. వెనక ఎడమ కట్టలో ఒక పట్టీ ఎక్కువ వేశాను. అది అచ్చంగా ఒక పట్టీ ఎక్కువైనట్టు కనపడకుండా, కుడి కట్టలోనూ అంత పొడవుదే, పల్చనిది, వేశాను. ముందు ఎడమకు గట్టి స్ప్రింగు, కుడికి పాతదే ఉంచాను. బజారులో పెట్టెలో జతలుగా వచ్చేవాటిని విడదీసి వాడడం అప్పట్లో మా పక్క ఎవరూ చేసేవాళ్లు కాదు. రెండుసార్లు విప్పి బిగించాక నాలుగు మూలలూ సమానంగా వచ్చాయి. చెప్పుకోవాలంటే, నా జీవితంలో అంత బాగా కుదిరిన పని ఇంకొకటి లేదు.

ఓబులేసు వెనక్కి పోయి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇప్పుడు చూస్తే ఎవురికీ తెలీదు గదన్నా."

"తెలీదు" అన్నాను.

బండి తీసుకోవడానికి పెద్దాయన స్వయంగా వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి సంతోషపడ్డాడు. నాకు ధైర్యం వచ్చి, రెండు పక్కలా ఒకే బరువుంటే కట్టలు ఇంకా మేలుగా కుదురుతాయి అని, అంతవరకే అన్నాను. నేనేం అంటున్నానో ఆయనకు అర్థమైంది.

"ఇంజను మోయలేదప్పా" అన్నాడు. మళ్లీ తనే, "వాళ్లకు కావాల్సింది నేను. వాన్నెందుకు చంపుతారు?" అన్నాడు.

ఆ మాట ఆయన నమ్మే అన్నాడు. ఓబులేసును సొంత మనిషిలా చూసేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు, అతని కూతురికి జబ్బు చేస్తే బెంగళూరు ఆసుపత్రికి తనే తీసుకుపోయాడు. చెడ్డ మనిషి అని రాసేస్తే నాకు సులువు, కానీ అది నిజం కాదు. బండి ఆపాలంటే ముందు డ్రైవరునే కొడతారని మా జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఆయనకూ తెలుసు. తెలిసినదాన్ని ఆయన తన దగ్గరికి రానివ్వలేదు, అంతే. అలా చేయడానికి నేను ఆయనకు వీలు కల్పించాను. బండి ఎడమకు ఒరిగి ఉంటే ఆయన రోజూ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూడవలసి వచ్చేది.

చీనీ కాయల బండి

ఆ బండి మీద ఒక్క గుండు కూడా పడలేదు. కొన్నేళ్లు అలాగే తిరిగింది. ఓబులేసు వచ్చినప్పుడల్లా నేను ముందు కొలతలు చూసేవాణ్ని. కొంచెం దిగినా సరి చేసి పంపేవాణ్ని. నేను బాగా చూసుకుంటున్నాననే అనుకునేవాణ్ని. ఈలోగా ఉస్తాద్ పోయాడు. ఆ విషయం మేం మళ్లీ మాట్లాడుకోలేదు.

తర్వాత రెండు ఊళ్లవాళ్లూ రాజీ పడ్డారు. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు, పిల్లలు బెంగళూరులో వ్యాపారాలు పెట్టారు. పెద్దాయన మామూలు కారు కొనుక్కుని, పికప్పును ఓబులేసుకే ఇచ్చేశాడు. ఇచ్చేముందు లోపలి ఉక్కును, వేసిన షెడ్డులోనే తీయించాడు. కట్టల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాటిని మార్చాలని ఆ షెడ్డువాళ్లకు తెలిసే అవకాశం లేదు.

ఓబులేసు ఆ బండితో గార్లదిన్నె తోటల నుంచి చీనీ కాయలు, అంటే బత్తాయిలు, మార్కెట్టుకు తోలడం మొదలుపెట్టాడు. సొంత బండి. మొదటి రోజు నాకొక సంచి చీనీలు తెచ్చాడు. రోడ్డు అవతలి నుంచి వస్తుండగానే చూశాను. బండి కుడికి ఒరిగి ఉంది. ఎడమ పక్క మోయవలసిన ఇనుము పోయింది, దాన్ని మోయడానికి వేసిన బలం అలాగే ఉండిపోయింది. కాబట్టి ఆ పక్క పైకి లేచి, బండి మొత్తం డ్రైవరు వైపుకు వాలింది.

ఇప్పుడే విప్పి కట్టలు మారుస్తాను, బండి వదిలిపెట్టు అన్నాను. కాయ చెట్టు మీద ఆగదు, సీజను అయిపోనీ అన్నాడు. ఎడమ పక్క రెండు వరసలు ఎక్కువ పేర్చుకుంటున్నాను కాబట్టి సమమైపోతుందన్నాడు. కట్ట బలం ఎక్కడికీ పోదు, నీ కాయలు మాత్రం దారిలో దిగిపోతాయి అని చెప్పాను. అతను వినే ధోరణిలో లేడు. సంతోషంగా ఉన్నాడు.

"ఉండనీలే అన్నా. ఇన్నేండ్లు ఆయప్ప పక్క బరువు మోసినాది. ఇప్పుడు నా పక్క ఒరిగితే ఒరగనీ."

నేను నవ్వాను. అది నవ్వదగ్గ మాటే. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి రమ్మన్నాను. వస్తానన్నాడు.

సీజను చివర్లో ఒక రోజు తోట నుంచి నిండా క్రేట్లతో బయలుదేరాడు. దారిలో ఒక వ్యాపారి దగ్గర సగం దించాల్సి వచ్చింది. బండి రోడ్డు పక్కన ఆపితే హమాలీలు నిలబడేది ఎడమ వైపే, కాబట్టి వాళ్లు ఎడమ వరసలు దించేశారు. కుడి వరసలు తాళ్లతో కట్టి ఉన్నాయి, వాటిని కదిలించలేదు. కాస్త ముందుకు పోయాక ఒక కల్వర్టు దగ్గర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపులో బండి కుడి పక్కకు పడింది. వెనక తొట్టిలో ఉన్న హమాలీ దూకేశాడు. ఇదంతా నాకు చెప్పింది అతనే. ఓబులేసు తలుపు కింద ఉండిపోయాడు.

మారెక్క

కర్మలన్నీ అయిపోయాక, చాలా నెలలకు, మారెక్క బండిని ఇంకో బండికి కట్టించి మా షాపుకు లాక్కొచ్చింది. తలుపులు, అద్దాలు ఎక్కడో బాగు చేయించింది. నేను పని మానేశానని చెప్పినా, నీ చేత్తోనే కావాలని కూర్చుంది. ఆమె తమ్ముడు నడుపుతాడట. సమం చేసి ఇయ్యమంది.

నేను వెనక ఎడమ కట్ట విప్పడం మొదలుపెట్టాను. ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తోంది. అన్ని పక్కలా చెయ్యకుండా ఒక పక్కే ఎందుకు తీస్తున్నావని అడిగింది.

అతను నోరు జారొద్దన్న మాట గుర్తుంది. అది ఎవరి కోసం అన్నాడో ఆలోచించాను. చెప్పకుండా ఉండడానికి ఇక కారణం దొరకలేదు. ఉక్కు ఎడమ పక్కే వేశారు, దాన్ని మోయడానికే ఈ పట్టీ అని చెప్పాను.

"ఇంగో పక్క?"

"లేదమ్మా."

ఆమె రోడ్డు మీద పోయే లారీల వంక చూస్తూ కూర్చుంది.

"రెండు పక్కలా ఉండాదని చెప్పినాడన్నా" అంది తర్వాత. "నేను నమ్మి అన్నేండ్లు కంటినిండా నిద్రపోయినా."

తీసిన పట్టీని పాత ఇనుములో వేశాను. దాచుకోవడానికి అందులో ఏమీ లేదు. ముందు ఎడమ స్ప్రింగు మార్చి, కుడి కట్టలోని పల్చని పట్టీ కూడా తీసేసి, నాలుగు మూలలూ కొలిచాను. ఈసారి రెండు పక్కలా ఒకే రకం కట్టలు. పెట్టెలో ఎలా వచ్చాయో అలాగే. ఎవరైనా చేయగల పని.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బరువు ఎంత అని అడగండి. ఎక్కడ అని అడగండి. ఒక పక్కే ఉందని తెలిస్తే, దాన్ని సమం చేసే ముందు, ఇంకో పక్క కూర్చునేది ఎవరో అడగండి. అడిగాక ఏం చేయాలో నేను చెప్పలేను. ఉస్తాద్ చెప్పినట్టు చేసి ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలియదు.

పని అయ్యాక మారెక్కను పిలిచాను. ఆమె లేచి బండి చుట్టూ తిరిగింది. వెనక నిలబడి, కొంచెం వంగి, ఈ పక్క నుంచి ఆ పక్కకు చూసింది.

"ఇప్పుడు చూస్తే ఎవురికీ తెలీదు గదన్నా" అంది.

"తెలీదమ్మా" అన్నాను.